విద్యార్థులు – బహిరంగోపన్యాసములు

పరీక్షలు సమీపించిన దినములలో పిల్లవాడు పుస్తకమును కట్టిపెట్టి యెవరో పరదేశి వచ్చి చేయు నుపన్యాసమును వినబోయిన, ఇంట పెద్దలు కోపగించుట సహజము. ఆ యుపన్యాసమువలన మార్కు లెన్ని వచ్చునని తండ్రి యడుగును. ఆ ప్రశ్న కుత్తరము లేదు. కాని కళాశాలలో నేర్చిన పాఠములను నలువదేండ్లు రాకమునుపే మరచినవారు సయితము, చిన్ననాట విన్న యొక యుపన్యాసమును ముదిమిలో గూడ జ్ఞాపకము చేసికొనుచుండుట మేము పలుమారు చూచితిమి. పాఠము బుద్ధికి పట్టును. ఉపన్యాస మొక్కొక్కప్పుడు జీవితమునకే పట్టును. కావుననే దాని మంచిచెడ్డలను విచారింపవలసియున్నది. ఇందుకు మన దేశచరిత్రలోనే తగిన నిదర్శనము కలదు. అది 1907వ సంవత్సరమున రాజమహేంద్రవరమున జరిగిన వృత్తాంతము.

ఆ పట్టణమునకు ఉపన్యాసములు క్రొత్తవి కావు. 1879లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు వితంతు వివాహమును గూర్చి యచ్చట బహిరంగముగా నుపన్యసించిరి. 1881 డిసెంబరు 11వ తేదీన మొదటి వితంతు వివాహము జరిగినది. ఆ కార్యమున పంతులుగారికి తోడ్పడినవారిలో విద్యార్థులు పెక్కురు. ఇట్లు చెవినబడిన మాట చేతలలోనికి దిగుట కా యూరి విద్యార్థులు ముందే యలవాటుపడియుండిరి.

1905లో వంగదేశము రెండుగా చీల్చబడినది. ఆందోళనమున పాల్గొన్న విద్యార్థులను అదుపుచేయుటకై ఆ సంవత్సరము అక్టోబరులో కార్లైలు దొరగారి పేర నొక యుత్తరువు బయలుదేరినది. విద్యార్థులను రాజకీయములకు దూరముగా నుంచని పాఠశాలలకు ప్రభుత్వపు గ్రాంటులు ఆగిపోవునని దాని భావము. ఆ యుత్తరువునకు ప్రత్యుత్తరముగా కలకత్తాలో జాతీయవిద్యా ప్రయత్నము లారంభమైనవి. ఆ వేడిలోనుండి బిపినచంద్రపాలుగారు 1907 ఏప్రిలులో మన దేశమునకు వచ్చిరి. ఆయన బ్రహ్మసామాజికుడు, పత్రికాధిపతి, ఆంగ్లమున మహావక్త. ముట్నూరి కృష్ణారావుగారు వెంట నడువగా విజయనగరము, విశాఖపట్టణము, కాకినాడ, రాజమహేంద్రవరము, బెజవాడ, బందరు పట్టణములలో స్వరాజ్యమును, స్వదేశీవ్రతమును, జాతీయవిద్యను గూర్చి యుపన్యసించి మదరాసు చేరిరి.

రాజమహేంద్రవరమున ఆయన కొన్ని దినములు నిలిచి వరుసగా నుపన్యాసముల నిచ్చిరి. ఇచ్చట నొక విషయము గమనింపదగినది. పాలుగారి భాష ఆంగ్లము. ఆంగ్లమున నడచిన సభ కళాశాలవారికి, వకీళ్లకు మాత్రమే చెందును. అంగడివానికిని, రైతునకును అది ధ్వనిమాత్రమే. ఆ యుపన్యాసములను చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు తెనుగు చేసి వినిపించిరి. చూపు మందగించిన ఆ కవి, వక్త చెప్పిన దానిని విని మనసున నిలుపుకొని, సభవారి కింపైన తెనుగున చెప్పుచు, నడుమ ఆశువుగా పద్యమును గూడ చెప్పెను. భరతఖండమును పాడియావుతో పోల్చిన ఆ పద్యము మూల ప్రసంగముకంటె నెక్కువ కాలము తెనుగువారి నోళ్ల నిలిచినది. వక్త తెచ్చిన భావము దేశమున పాతుకొనుట యనువాదకుని నేర్పువలననే జరిగినదని మా యభిప్రాయము. ఈనాటికిని మన కళాశాలలలో నతిథిని పిలుచువారు వాహనమును, పూలమాలను సిద్ధము చేయుదురుగాని యనువాదకుని గూర్చి తలపెట్టరు.

ఇక కళాశాలలో జరిగినదేమి? విద్యార్థులు వందేమాతర చిహ్నములను ధరించి తరగతులకు వచ్చిరి. కళాశాలాధ్యక్షుడగు మార్కు హంటరు దొరగారు దానిని ధిక్కారముగా నెంచి దండనమునకు దొరకొనిరి. ఎం.ఏ. పట్టము పొంది, ఉపాధ్యాయ శిక్షణ పొందుచుండిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు వీరికి నాయకుడని కళాశాలనుండి బహిష్కృతులైరి. ఆయనకు ప్రభుత్వోద్యోగపు తలుపులును మూతపడెను. మరి పెక్కురు విద్యార్థులు కూడ శిక్షింపబడిరి.

అధ్యక్షుని పక్షమున చెప్పదగిన మాట లేకపోలేదు. తరగతి తరగతివలె నడువవలెను. పాఠము చెప్పు వేళ కోలాహలము కూడదు. ఉపాధ్యాయ వృత్తిలో నున్న మేము దీని నెట్లు కాదనగలము? కాని చిహ్నము ధరించుట కోలాహలము కాదు. ఊరియందలి సభలో విన్న విషయమును గూర్చి తరగతిలో ప్రశ్నించుట కవకాశ ముండినయెడల, ఆ యావేశము వాదరూపమున వెడలియుండును. ప్రశ్నకు చోటులేని చోట చిహ్నము పుట్టును. చిహ్నమును శిక్షించిన చోట వైరము పుట్టును. మే నెలలో భారతప్రభుత్వ కార్యదర్శి రిస్లీ దొరగారి పేర, విద్యార్థులు రాజకీయ సభలలో పాల్గొనుటను నిరోధించు నుత్తరువు దేశమంతటికి వచ్చినది. ఫలితమేమి? ఆ నెల 31వ తేదీన కాకినాడలో వందేమాతరమని కేకవేసిన బాలుని కెంపు అను దొర కొట్టగా, ఊరివారు దొరల క్లబ్బుపై బడిరి. చెవులు మూసినంతమాత్రమున మాట యాగదు.

మరియొక విచారము కలదు. మదరాసులో ఉపన్యాసము లిచ్చుచుండగా లాలా లజపతిరాయిగారి ప్రవాసశిక్ష వార్త వచ్చినందున పాలుగారు తమ పర్యటనము నంతటితో చాలించి వెడలిపోయిరి. అతిథి యొక వారముండి పోవును; ఆయన మాటకు మూల్యమిచ్చుకొనువారు విన్నవారు. ఇది వక్తను నిందించుటకు చెప్పినది కాదు. పాలుగారు తామును చెరసాలల ననుభవించినవారే. కాని యౌవనవంతుల యెదుట నిలుచువాడు తన వాక్యము యెవరి యింట నెట్టి మార్పు తెచ్చునో తలచి పలుకవలెను. ఉపన్యాసము విత్తు, నీరుపోయుట స్థానికుల పని. ఆ పని చేసినవారు మనవారిలో నుండిరి. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్యగార్లు 1910లో బందరున ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పిరి. హరిసర్వోత్తమరావుగారు 1908లో బెజవాడనుండి 'స్వరాజ్య' పత్రికను నడపి చెరసాలకేగి, తరువాతి కాలమున గ్రంథాలయోద్యమమునకును వయోజన విద్యకును తమ జీవితమును ధారపోసిరి. ఉపాధ్యాయుడు కాకుండ తరుమబడినవాడు దేశమునకే యుపాధ్యాయుడయ్యెను.

కళాశాలయే తలుపు తెరచినచో నెట్లుండునో తరువాతి కాలము చూపినది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరుగారు మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో విశ్రాంతికై నిలిచి, విద్యార్థుల నడుమ జనగణమన గీతమును పాడి, దాని కచ్చటనే యాంగ్లానువాదమును వ్రాసిరి. 1933 డిసెంబరులో, రాధాకృష్ణపండితులు ఉపాధ్యక్షులుగా నున్న ఆంధ్రవిశ్వవిద్యాలయమున, అల్లాడి కృష్ణస్వామిగారి పేరిటి నిధి క్రింద మానవుని గూర్చి ఠాకూరుగారు ఉపన్యాసములిచ్చిరి. వానిని విశ్వవిద్యాలయమే గ్రంథముగా ప్రచురించినది. ఇచ్చట అధికారమును విద్యార్థియు నొకే బల్లపై గూర్చుండి వినిరి. అట్లు వినుటవలన అధికారమునకు లోటు కలుగలేదు.

నేడు సభలకు కొదవలేదు, వినుటకే కొదవ. వచ్చినవాని బిరుదులు చదువుట కరగంట, దండలకు పావుగంట, వందనసమర్పణకు మరికొంత పోగా, ప్రశ్నలకు వేళ మించినదందురు. ప్రశ్నలేని యుపన్యాసము వడ్డించి తిననీయని విందు. ఒక వక్తను పిలిచిన కళాశాల, వానితో నేకీభవింపని మరియొకని కూడ పిలువవలెను. ఆడపిల్లలను వెనుక వరుసలలో మౌనముగా నుంచక, వారినే ముందుగా నడుగుమనవలెను. పరభాషలో నుపన్యాసమైన, సారమును తెనుగున చెప్పు సమర్థుని సిద్ధము చేయవలెను.

గృహస్థులైన చదువరులకు మా విన్నప మొక్కటి. పిల్లవాడు సభనుండి యింటికి వచ్చినప్పుడు మార్కులమాట యెత్తక, ఏమి విన్నావనియు, అందులో నీ కేది సరిపడలేదనియు నడుగుడు. అన్నము చల్లారినను సరే, ఆ యుత్తరమును తుదివరకు వినుడు. విన్నదానిని తూచి చూచుట యింట నేర్చినవాడు, ఎంతటి వక్త వాక్ప్రవాహమున బడినను కొట్టుకొనిపోడు.