అనంతగిరి గాలి నుంచి టీఎన్ఎఫ్ దాకా

వికారాబాద్ దాటి తాండూరు దారి పడితే అనంతగిరి కొండలు ఎదురొస్తాయి. మూసీ పుట్టిన ఆ అడవిలో నిజాం కాలంలో క్షయ శానిటోరియం వెలిసింది. స్ట్రెప్టోమైసిన్ మందు రాకముందు ఆ జబ్బుకు దిక్కు మంచి గాలి, విశ్రాంతి, బలమైన తిండి. క్రిమితో పోరాడాల్సింది రోగి ఒళ్లే.

ఆ పోరును ప్రయోగశాల ఎప్పుడో పసిగట్టింది. 1882లో శాస్త్రవేత్త మెచ్నికాఫ్ నక్షత్రచేప పిల్లకు ముల్లు గుచ్చి, దాని చుట్టూ కణాలు మూగడం చూశాడు. క్షయలోనూ అంతే. తాండూరులో నాపరాళ్లు పేర్చి ప్రహరీ కట్టినట్టు, మాక్రోఫేజ్ అనే రక్షక కణాలు ఒకదాన్నొకటి ఒరుసుకుని క్రిమి చుట్టూ గోడ కడతాయి. గోడ నిలిస్తే క్రిమి ఏళ్ల తరబడి బందీ. వాపు హద్దు మీరితే ఊపిరితిత్తే గుల్లవుతుంది.

మరి వాపును తగ్గించేదెలా? ఒక దారి తెలుగువాడి కృషి నుంచే దొరికింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ మందుల సంస్థలో నడిపిన ఫోలిక్ ఆమ్ల పరిశోధన మెథోట్రెక్సేట్‌కు బాట వేసింది. క్యాన్సర్ కోసం వచ్చిన ఆ మందు, వారానికోసారి చిన్న మోతాదులో వేసుకుంటే కీళ్లవాతాన్ని అణచుతుందని తర్వాత తేలింది. అందుకు అమెరికాలో అనుమతి వచ్చింది 1988లో. సుబ్బారావు 1948లోనే కన్నుమూశారు.

కొత్తగూడెం బిడ్డ కన్నెగంటి తిరుమలాదేవి ఈ కథను కణం లోపలికి తీసుకెళ్లారు. ఉస్మానియాలో పీహెచ్‌డీ చేసిన ఆమె తొలి పరిశోధన బూజు విషాల మీద. పటాన్‌చెరు ఇక్రిశాట్ శాస్త్రవేత్తలతో కలిసి మిరపకాయలు, పసుపు, ధనియాలను పరీక్షించారు. ఎలీసా పరీక్ష పలకలోని చిన్న గుంటల్లో యాంటీబాడీతో పాటు మిరప సారం వేస్తారు. సారంలోని విషం యాంటీబాడీని లాగేసుకుంటుంది కాబట్టి, రంగు ఎంత తగ్గితే విషం అంత ఎక్కువ.

ఆమె వాపు వైపు మళ్లకముందే, 2002లో స్విట్జర్లాండ్‌లో యుర్గ్ చోప్ బృందం వాపును రగిలించే ప్రోటీన్ల కూటమిని కనిపెట్టి ఇన్‌ఫ్లమసోమ్ అని పేరుపెట్టింది. బాక్టీరియా ఆర్‌ఎన్‌ఏ ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 అనే ప్రోటీన్ ద్వారా ఆ వ్యవస్థను మేల్కొలుపుతుందని 2006లో తిరుమలాదేవి పాల్గొన్న పరిశోధన చూపింది. ఆ తర్వాత ఆమె మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ ఆసుపత్రిలో సొంత ప్రయోగశాల నెలకొల్పారు. 2021లో అక్కడి నుంచే మరో కబురు: కొవిడ్‌లో వెలువడే వాపు ప్రోటీన్లు టీఎన్ఎఫ్, ఇంటర్‌ఫెరాన్ గామా రెండూ జతకడితే కణాలు కుప్పకూలుతున్నాయి. ఎలుకల్లో ఆ రెంటినీ అడ్డుకుంటే ప్రాణాలు నిలిచాయి.

అయితే క్షయ గోడను నిలబెట్టేదీ ఆ టీఎన్ఎఫే. దాన్ని అడ్డుకునే ఇన్‌ఫ్లిక్సిమాబ్ తీసుకున్న 70 మందిలో క్షయ బయటపడిందని 2001లో వైద్య పత్రికలో నివేదిక వచ్చింది. అందుకే నేడు కీళ్లవాతానికి ఆ తరహా ఇంజెక్షన్ రాసేముందు డాక్టర్లు ఛాతీ ఎక్స్‌రే తీయిస్తారు, క్షయ పరీక్ష చేయిస్తారు.