థకారపు పొట్టలోని చుక్క

థకారానికీ ధకారానికీ రూపంలో ఉన్న భేదం ఒక్క చుక్క మాత్రమే. ఆ చుక్కను విస్మరించి ‘కథ’ను ‘కధ’ అని వ్రాసే విద్యార్థుల ఉత్తరపత్రాలను ఎర్రసిరాతో దిద్దుతూనే నా ఉద్యోగ జీవితమంతా గడిచిపోయింది. పత్రికలవారు సైతం ఈ దోషానికి అతీతులు కారు. అటువంటి నాకు, తొలినాటి కంప్యూటరు తెరలకు ఆ చుక్కను చూపే శక్తే లేదని పదవీ విరమణ అనంతరం తెలిసింది. ఆనాటి రెండు మూడు గ్రాఫిక్స్ కార్డుల చరిత్రను తరచి చూడడానికి ఆ కుతూహలమే కారణం.

1981 ఆగస్టులో ఐబీఎం సంస్థ తన పర్సనల్ కంప్యూటరును విడుదల చేసినప్పుడు, తెరమీద దృశ్యాన్ని నిలిపే కార్డులను రెండు రకాలుగా అందించింది. మొదటిది మోనోక్రోమ్ డిస్‌ప్లే అడాప్టర్. దానిని ఎండీఏ అనేవారు. రెండవది కలర్ గ్రాఫిక్స్ అడాప్టర్, అనగా సీజీఏ.

ఎండీఏ కార్డు అక్షరాలకే అంకితమైనది. తెరమీద 80 అక్షరాల చొప్పున 25 పంక్తులు. ఒక్కొక్క అక్షరానికి అడ్డంగా 9, నిలువుగా 14 చుక్కల గడి. అక్షరాలు నిండుగా, కళ్ళకు హాయిగా కనిపించేవి. అయితే ఆ అక్షరాల రూపాలు 256, కార్డుమీది చిప్పులో శిలాశాసనంవలె శాశ్వతంగా చెక్కబడి ఉండేవి. ఆంగ్లం, ఐరోపా భాషల గుర్తులు కొన్ని, గ్రీకు అక్షరాలు కొన్ని, గీతలు, నవ్వు ముఖాలు కూడా వాటిలో ఉన్నాయి. మన భాషలకు చోటు లేదు. ఏ ప్రోగ్రామూ వాటిని మార్చజాలదు. కార్డుమీది మెమరీ 4 కిలోబైట్లు మాత్రమే. 2000 గడులకు, గడికి రెండు బైట్లు చొప్పున, 4000 బైట్లు చాలును గదా! ఒక బైటు ఏ అక్షరమో చెబుతుంది. రెండవది అది కాంతిమంతంగా ఉండాలో, క్రింద గీతతో ఉండాలో చెబుతుంది. తెరమీది చుక్కలతో ప్రోగ్రాముకు నేరుగా సంబంధమే లేదు.

సీజీఏ కార్డు ఇందుకు విరుద్ధం. అందులో ప్రతి చుక్కనూ విడిగా వెలిగించవచ్చు. నాలుగు రంగులు కావాలంటే 320 అడ్డం, 200 నిలువు. నలుపు తెలుపులు చాలుననుకుంటే 640 అడ్డం, 200 నిలువు. అంటే 1,28,000 చుక్కలు. చుక్కకు ఒక బిట్టు చొప్పున 16,000 బైట్లు. కార్డులో ఉన్న 16 కిలోబైట్ల మెమరీ అంతటితో సరి. బొమ్మలకు ఇది మేలే కాని, అక్షరానికి దక్కిన గడి 8 చుక్కల చదరం. ఆంగ్లాక్షరాలే అందులో మొరటుగా కనిపించేవి.

ఇక మన లిపిని ఆ గడిలో ఊహించండి. తలకట్టుకు పైన ఒకటి రెండు వరుసలు పోవాలి. గుడికీ ఏత్వానికీ అక్కడే చోటు కావాలి. క్రింద వత్తుకు కనీసం మూడు వరుసలు. మిగిలిన మూడు నాలుగు వరుసలలో థకారం గుండ్రని పొట్ట, ఆ పొట్టలో చుక్క, చుక్క చుట్టూ ఖాళీ! చుక్క పెట్టితే పొట్ట పూడిపోతుంది, మానితే ధకారమవుతుంది. ‘రాష్ట్రం’ వంటి పదంలో వత్తుమీద వత్తు వచ్చినప్పటి అవస్థను వర్ణించనవసరం లేదు.

ఈ చిక్కు మన ఒక్కరిదే కాదు. థాయి లిపి కూడా దక్షిణ బ్రాహ్మీ సంతతిదే. పల్లవ లిపి నుండి ఖ్మేరు లిపి ద్వారా ఏర్పడింది. 44 హల్లులు, పైనా క్రిందా కూర్చునే స్వరచిహ్నాలు, వాటిపైన మళ్ళీ ధ్వని స్థాయిని తెలిపే గుర్తులు. వాన్ సువన్నుకుల్ అనే ఆయన తన డాక్టరేటు సిద్ధాంత గ్రంథాన్ని ఐబీఎం కంప్యూటరుమీద థాయి అక్షరాలలో సిద్ధం చేసుకొనదలచారు. (పేరులో మన సువర్ణ శబ్దం తొంగిచూస్తున్నది, గమనించారా?) ఎండీఏలో థాయి లిపి లేదు, చేర్చడానికి వీలులేదు. సీజీఏలో చేర్చవచ్చును గాని చదవడానికి వీలులేదు. గత్యంతరం లేక ఆయన తానే ఒక కార్డును రూపొందించుకున్నారు. 1982లో వెలువడిన ఆ కార్డే హెర్క్యులస్. కెవిన్ జెంకిన్స్ అనే మిత్రునితో కలిసి కాలిఫోర్నియాలో సంస్థను స్థాపించారు.

పాత కార్డుకూ క్రొత్త కార్డుకూ గల తారతమ్యం ఇక్కడ సుబోధకమవుతుంది. హెర్క్యులస్ కార్డు ఎండీఏకు వాడిన మానిటరుకే తగులుతుంది. అక్షరాలు మాత్రమే కావాలంటే అచ్చంగా ఎండీఏవలెనే ప్రవర్తిస్తుంది. బొమ్మలు కావాలంటే మాత్రం 720 అడ్డం, 348 నిలువు చుక్కలు, అనగా 2,50,560 చుక్కలు మన అధీనమవుతాయి. సీజీఏ ఇచ్చిన వాటికి ఇవి దాదాపు రెట్టింపు. వీటికి 31,320 బైట్లు చాలు. కార్డులో 64 కిలోబైట్లు ఉండడంవల్ల ఒకేసారి రెండు తెరలను నిలుపుకోవచ్చు. ఎండీఏ తెరకు 350 పంక్తులుండగా దీనికి 348 ఏమిటని నాకూ సందేహం కలిగింది. పంక్తులను నాలుగేసి చొప్పున విడదీసి మెమరీలో అమర్చారట. 350 నాలుగింట నిశ్శేషంగా భాగింపబడదు!

లోపాలు లేకపోలేదు. రంగులు లేవు. ఐబీఎంవారి మూల వ్యవస్థకు ఈ కార్డు గ్రాఫిక్స్ పరిచయం లేదు గనుక, ప్రతి ప్రోగ్రాము వ్రాసేవారూ దీనికోసం ప్రత్యేకంగా శ్రమించవలసి వచ్చేది. 1983లో వచ్చిన లోటస్ 1-2-3 ఆ శ్రమకు పూనుకొనడంతో హెర్క్యులస్ ప్రతి కార్యాలయానికీ చేరింది. జమాఖర్చుల పట్టికలు, రేఖాచిత్రాలు, రెండూ ఒకే స్ఫుటమైన తెరమీద! మాతృభాషాక్షరాల కోసం పుట్టిన వస్తువును లోకం లెక్కల కోసం కొన్నది. వర్తకులకు థాయి లిపితో ఏమి పని? తైవాను సంస్థలు దీనికి నకళ్ళు చేసి చౌకగా అమ్మడంతో 1980వ దశకం చివరకు మనదేశంలోని కంప్యూటర్లలోనూ ఇది సర్వసాధారణమైంది.

1986లో ఇదే సంస్థ తెచ్చిన హెర్క్యులస్ ప్లస్ కార్డు మరొక అడుగు ముందుకు వేసింది. అక్షరరూపాలను చిప్పులో చెక్కకుండా మెమరీలో నింపుకొనే సదుపాయం కల్పించి, 256 స్థానంలో 3072 రూపాలకు చోటిచ్చింది. నా దృష్టిలో ఇది మొదటిదానికంటె గొప్ప మార్పు. కాని మరుసటి సంవత్సరమే ఐబీఎం వారి వీజీఏ వచ్చి, 640 అడ్డం, 480 నిలువు చుక్కలను 16 రంగులలో ఇవ్వడంతో దానిని పట్టించుకున్నవారు తక్కువ.

మనవారు వేరొక త్రోవ త్రొక్కారు. కాన్పూరు ఐఐటీలో మొదలైన కృషి ఫలితంగా, పుణెలోని సీడాక్ సంస్థ జిస్ట్ కార్డును తెచ్చింది. కంప్యూటరులో ఖాళీగా ఉన్న అరలో దానిని బిగిస్తే, ఆంగ్లం తప్ప అన్యమెరుగని డాస్ ప్రోగ్రాములు కూడా భారతీయ లిపులను చూపేవి. వత్తులు, గుణింతాలు కూర్చే భారం కార్డుదే. ప్రోగ్రాముకు కేవలం సంకేతాలు చేరేవి. ఆ సంకేతాలే 1991లో ఇస్కీ అనే పేరుతో జాతీయ ప్రమాణమయ్యాయి.

1992 ప్రాంతంలో, మా ఊరి ప్రక్క పట్టణంలో ఒక ముద్రణాలయానికి పాఠశాల వార్షిక సంచిక పనిమీద వెళ్ళినప్పుడు, నేను మొదటిసారి కంప్యూటరు తెరమీద తెలుగు చూశాను. నల్లని తెర, పసుపుపచ్చని అక్షరాలు. అది ఏ కార్డో అడగాలని అప్పటికి తెలియదు. ఆపరేటరు కుర్రవాడు ‘కధల పోటీ’ అని కొట్టాడు. అక్షరం మార్చమన్నాను. మార్చాడు. చుక్క స్పష్టంగానే కనిపించింది.