దేవనహళ్ళి దారి: దూరమును, కాలమును

దేవనహళ్ళి యనగానే నేటివారికి విమానాశ్రయమే స్ఫురించును. కాని ఆ యూరికి దూరప్రయాణములతో చుట్టరికము మిక్కిలి పాతది. కంచి ప్రాంతమునుండి బండ్లపై తరలివచ్చిన మొరసు ఒక్కలిగలు సమీపమందలి ఆవతిలో విడిసిరని స్థానిక చరిత్రలు తెలుపుచున్నవి. ఆ వంశమువాడగు మల్లభైరేగౌడ 1501లో దేవనహళ్ళి కోటను కట్టించెను. కంచి ఇచటికి రెండువందల పైచిలుకు కిలోమీటర్లు. ఎద్దులబండి దినమునకు 25 కిలోమీటర్లు నడచినను పది దినములకు తక్కువ కాదు.

బెంగుళూరు నిర్మాత కెంపేగౌడయు మొరసు ఒక్కలిగయే. ‘గంగాగౌరీవిలాసము’ అను తెలుగు యక్షగానము ఆయన రచనగా ప్రసిద్ధము. ఈ నేలతో తెలుగునకు గల పొత్తు ఉద్యోగములకై వచ్చిన మనతో మొదలైనది కాదు! 2008 మే 24న తెరచిన విమానాశ్రయమునకు 2013లో ఆయన పేరే పెట్టిరి.

2021 జనవరి 9 రాత్రి 8.30కు సాన్‌ఫ్రాన్సిస్కోలో బయలుదేరిన ఎయిరిండియా విమానము, నడుమ ఎచటను దిగక, 11వ తేదీ తెల్లవారుజామున 3.07కు ఇచట వాలెను. గడియారములను చూచినచో ముప్పది గంటలకు పైన. కాని రెండు ఊళ్ళకును శీతకాలమున పదమూడున్నర గంటల తేడా కలదు. అది తీసివేయగా మిగిలిన అసలు ప్రయాణము సుమారు 17 గంటలు, దూరము 14,000 కిలోమీటర్లు. గోడపటముపై గీత గీచి చూచినవారు అది పసిఫిక్ సముద్రమును అడ్డముగా దాటి రావలెనని తలతురు. భూమి బంతివంటిది గనుక దగ్గరిదారి ఉత్తరధ్రువము వైపున నుండును. ఆ విమానము ధ్రువముమీదుగనే వచ్చినది. నడిపిన నలుగురును స్త్రీలు. జోయా అగర్వాల్ నాయకురాలు. తక్కిన మువ్వురిలో పాపగారి తన్మయి యొకరు. ఆ ఇంటిపేరు మన చెవికి ఇంపుగా నుండునుగదా.

కాలిఫోర్నియాలో బిడ్డలుగల తల్లిదండ్రులు దూరమును కిలోమీటర్లలో లెక్కింపరు. ఇంట నెవరికైన ప్రాణముమీదికి వచ్చినచో బిడ్డ ఎన్ని గంటలకు రాగలడనుటయే వారి లెక్క. నేరు విమానము దొరకనినాడు నడుమ దిగి వేరొకటి పట్టుటలో ఆ 17 గంటలు 22 అగును, ఒక్కొకప్పుడు 30 అగును. కడచూపు దక్కుటయు దక్కకపోవుటయు ఆ తేడాలోనే యున్నది.

భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు 1922లో బోస్టను చేరెను. అది ఓడల కాలము; రాకపోకలకు వారములు పట్టెడిది. స్వదేశమున పుట్టిన తన కుమారుని ఆయన కన్నులార చూడనేలేదు. ఆ పసివాడు శైశవముననే గతించెను. 1948లో న్యూయార్కున కన్నుమూయువరకు ఆయన తిరిగి రాలేదు. లేమియు పరిశోధనయు కారణములే. దారి పొడవు కూడ చిన్న కారణము కాదని మా అభిప్రాయము.

అందుచేత 17 గంటలు కూర్చుండవలెనా యని యువకులు విసుగుకొన్నపుడు మాకు నవ్వు వచ్చును. వృద్ధులకు మాత్రము ఆ కూర్చుండుట నిజముగా కష్టమే. కాళ్ళలో నెత్తురు గడ్డకట్టు ప్రమాదము కలదు గనుక నడుమనడుమ లేచి నాలుగడుగులు వేయవలెను, నీరు త్రాగుచుండవలెను, వైద్యుని ముందుగా అడిగి బయలుదేరవలెను.