ఏ బళ్ళో వేద్దాం?: మూడు ఊళ్ళు, రెండొందల ఏళ్ళ ప్రశ్న

మే నెల చివరికొచ్చేసరికి మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు ఇళ్ళల్లో ఒకటే లెక్క నడుస్తుంది. పిలకాయల్ని సర్కారు బళ్ళోనే ఉంచుదామా, కాన్వెంటులో వేద్దామా? కాన్వెంటంటే అసలు అర్థం క్రైస్తవ సన్యాసినుల మఠం. మన దగ్గర మాత్రం టై, బెల్టు, పసుపు వ్యాను ఉండి ఇంగ్లీషులో చెప్పే ప్రైవేటు బడి ఏదైనా కాన్వెంటే. ఆ మాట అర్థం ఇంత సాగిందంటే, దాని వెనక అమ్మానాన్నల ఆశ ఎంత పెద్దదో ఊహించొచ్చు.

ఈ విషయం మీద మనం వినే కథలు రెండు. ఒకప్పుడు అందరూ ప్రభుత్వ బళ్ళల్లోనే బాగా చదువుకున్నారు, ప్రైవేటు వచ్చి చెడగొట్టింది అనేది మొదటిది. ప్రభుత్వం ఎప్పుడూ ఇంతే, అందుకే జనం పారిపోయారు అనేది రెండోది. ఈ మూడు ఊళ్ళ చరిత్రలోకి వెళ్తే రెండూ నిలబడవు.

ముందు భూగోళం కొంచెం. ఈ మూడూ మొదట్నించీ ఒక జిల్లా కాదు. మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. అంటే 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి వదిలేసిన దత్తమండలాల్లో భాగం. పుంగనూరు జమీందారీ, కుప్పం ఉన్న కంగుంది జమీందారీ ఉత్తర ఆర్కాటువి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడ్డాకే ఇవన్నీ ఒక కలెక్టరు కిందికి వచ్చాయి.

బళ్ళారి లెక్క

దత్తమండలాల మొదటి ప్రధాన కలెక్టరు థామస్ మన్రో. తర్వాత మద్రాసు గవర్నరయ్యాక, 1822లో ఆయన కలెక్టర్లందరికీ ఒక పని పెట్టాడు: మీ జిల్లాలో ఎన్ని బళ్ళున్నాయి, ఎవరు చదువుతున్నారు, లెక్క తీసి పంపండి. అన్ని జవాబుల్లోకీ బాగా గుర్తుండిపోయేది దత్తమండలాల్లోనిదే. బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో రాశాడు.

ఆయన లెక్క ప్రకారం బళ్ళారి జిల్లాలో 533 బళ్ళు, 6,641 మంది పిల్లలు. జనాభా తొమ్మిది లక్షల పైమాట. తెలుగు బళ్ళు 226, కన్నడ బళ్ళు 235, ఇంగ్లీషు బడి ఒక్కటంటే ఒక్కటి. ఆడపిల్లలు మొత్తం 60 మంది. ఈ 533లో ఒక్కదానికీ ప్రభుత్వం నుంచి ఏ సాయమూ అందడం లేదని, ఆ మాట చెప్పడానికి సిగ్గుపడుతున్నానని రాశాడాయన. అయ్యవారిని పోషించేది పిల్లల తల్లిదండ్రులే. అంటే, మనకి లెక్కలు దొరికే తొలి రోజుల్లోనే ఇక్కడి చదువు ఫీజు కట్టి కొనుక్కునే చదువు. ప్రభుత్వ బడి అనేది ఆ తర్వాత వచ్చిన ఆలోచన.

ఆ ఆలోచన మన్రోదే. 1826 మార్చిలో అన్ని జిల్లాల లెక్కలూ కూడితే రాజధాని మొత్తంలో 12,498 బళ్ళు, 1,88,650 మంది విద్యార్థులు తేలారు. అయ్యవార్లకి నెలకి ఆరేడు రూపాయలకి మించి రావడం లేదని, ఆ డబ్బుకి మంచివాళ్ళు ఈ పనికి రారని ఆయన అభిప్రాయం. కలెక్టరేటు బళ్ళల్లో 15 రూపాయలు, తాసీల్దారీ బళ్ళల్లో 9 రూపాయల జీతమిచ్చి ప్రభుత్వమే చదువు చెప్పించాలని ప్రతిపాదించాడు. మరుసటి ఏడాదే కలరాతో పోయాడు. ఆ బళ్ళని 1836లో ఎత్తేశారు.

ఈ అంకెలకి తర్వాత చాలా పెద్ద జీవితం ఉంది. 1931లో లండన్‌లో గాంధీ, మన చదువు ఒక అందమైన చెట్టు, దాన్ని ఇంగ్లీషువాళ్ళు వేళ్ళతో సహా ఎండగట్టారు అనే అర్థంలో మాట్లాడాడు. ఫిలిప్ హార్టాగ్ రుజువేదీ అని నిలదీశాడు. చాలా ఏళ్ళకి, 1983లో, ధరంపాల్ మద్రాసు లెక్కలన్నీ పుస్తకంగా అచ్చువేసి ‘ద బ్యూటిఫుల్ ట్రీ’ అని పేరు పెట్టాడు. 2009లో జేమ్స్ టూలీ అనే ఇంగ్లండు ప్రొఫెసరు సరిగ్గా అదే పేరుతో ఇంకో పుస్తకం తెచ్చాడు. హైదరాబాదు పాతబస్తీలో పేదలు నడుపుకునే చవక ప్రైవేటు బళ్ళు చూశాక మొదలైన వాదన అది. మన్రో లెక్కల్లో ధరంపాల్‌కి దేశీయ విద్య కనిపిస్తే, టూలీకి ప్రైవేటు విద్య కనిపించింది. ఒకే డేటాసెట్, రెండు రాజకీయాలు.

క్యాంప్‌బెల్ నివేదికలో మాత్రం ఈ ఇద్దరికీ ఇబ్బంది కలిగించే ఒక సంగతి ఉంది. తెలుగు బళ్ళల్లో చెప్పే పుస్తకాలు పద్యాల్లో ఉంటాయి, ఆ భాష ఇంట్లో మాట్లాడే భాష కాదు. లిపి ఒకటే కాబట్టి పిల్లలు గడగడా చదివేస్తారు, అప్పజెప్పేస్తారు. అర్థం మాత్రం చిలకకి తెలిసినంతే తెలుసు. చాలామంది అయ్యవార్లకీ అంతే. ఇది 1823 సంగతి. ఇందులో పద్యం తీసేసి ఆ చోట ఇంగ్లీషు పెడితే, ఈ ఏడాది జూన్‌లో ఏ సందులో కాన్వెంటుకైనా సరిపోతుంది. ఇంట్లో లేని భాషని గొంతెత్తి అప్పజెప్పడమే చదువు అనే నమ్మకం మెకాలే కంటే ముందునుంచే మన దగ్గర ఉంది. తల్లిదండ్రులు డబ్బులిచ్చిందీ ఆ అప్పజెప్పడానికే. అది బయటికి వినబడుతుంది కదా.

ఒక తండ్రి ఒప్పందం

మదనపల్లెకి అమెరికన్ ఆర్కాటు మిషన్ 1863లో జేకబ్ చేంబర్లిన్‌తో వచ్చింది. తర్వాత దివ్యజ్ఞాన సమాజం వచ్చింది. 1915లో అనీబిసెంట్ పెట్టిన కాలేజీలోనే, 1919లో, టాగూరు ‘జనగణమన’కి ఇంగ్లీషు అనువాదం చేశాడు. ఇవన్నీ మదనపల్లె వాళ్ళు గర్వంగా చెప్పుకునే సంగతులే. వాటిమధ్య ఒక కోర్టు కేసుని మాత్రం అంతగా తలుచుకోరు.

జిడ్డు కృష్ణమూర్తి 1895లో మదనపల్లెలో పుట్టాడు. తండ్రి నారాయణయ్య రెవెన్యూ శాఖ ఉద్యోగి. రిటైరయ్యాక పిల్లలతో అడయారు చేరాడు. కృష్ణమూర్తి బళ్ళో మందకొడి పిల్లవాడు. పాఠం రాక దాదాపు రోజూ దెబ్బలు తినేవాడని ఆయన జీవితచరిత్రలు చెబుతాయి. 1910లో నారాయణయ్య తన ఇద్దరు కొడుకుల్నీ బిసెంట్ సంరక్షణకి రాసిచ్చాడు. ఇంగ్లండు తీసుకెళ్ళి పెద్ద చదువులు, ఆక్స్‌ఫర్డ్ చదువు, చెప్పిస్తామన్నది ఆశ. 1912లో మనసు మార్చుకుని పిల్లల్ని తిరిగిమ్మని దావా వేశాడు. 1913లో మద్రాసు హైకోర్టు తండ్రి పక్షాన తీర్పిచ్చింది. 1914లో ప్రీవీ కౌన్సిల్ దాన్ని కొట్టేసింది. పిల్లల మాట వినకుండా, వాళ్ళు ఇంగ్లండులో ఉండగా ఆ కోర్టు అలా తేల్చకూడదంది. తండ్రి ఇచ్చిన సంరక్షణని తండ్రి వెనక్కి తీసుకోవచ్చు అన్న సూత్రాన్ని మాత్రం ఒప్పుకుంది.

చివరికి ఆక్స్‌ఫర్డ్ ఆ అన్నదమ్ముల్ని చేర్చుకోలేదు. కృష్ణమూర్తి లండన్ మెట్రిక్యులేషన్ కూడా గట్టెక్కలేకపోయాడు.

ఈ కేసులో సమాజపు రాజకీయాలు, ఆరోపణలు, మతం చాలా ఉన్నాయి. అవన్నీ పక్కనబెట్టి తండ్రి వైపునుంచి చూస్తే ఒకటి తెలుస్తుంది. పెద్ద చదువు కోసం పిల్లల్ని అప్పజెప్పాక, వాళ్ళకి ఏం నేర్పుతున్నారో అడిగే హక్కు తనకి ఎంత మిగిలింది? ఫీజు కట్టేవాళ్ళకీ, ఉచితంగా పంపేవాళ్ళకీ ఇప్పటికీ ఇదే ప్రశ్న.

లోయలోంచి బయటికి

బెత్తం దెబ్బలు తిన్న ఆ పిల్లవాడు పెద్దయ్యాక 1926లో మదనపల్లె దగ్గర ఒక లోయని బడి కోసం ఎంచుకున్నాడు. అదే ఋషి వ్యాలీ. పరీక్షల భయం, పోలిక, దండన లేని చదువు అక్కడ ఆదర్శం. కానీ అది ఫీజు కట్టగలిగినవాళ్ళ రెసిడెన్షియల్ స్కూలు. చుట్టుపక్కల పల్లెల పిల్లలకి గేటు బయటి లోకం.

1980ల చివర పద్మనాభరావు, రమ దంపతులు ఆ పల్లెల కోసం వేరే బళ్ళు మొదలెట్టారు. ఒకే గదిలో ఒకటి నుంచి ఐదు దాకా తరగతులు, ఒకే టీచరు. మన ఏకోపాధ్యాయ పాఠశాల అసలు కష్టం అదే. వాళ్ళు దాన్ని కష్టంగా కాకుండా డిజైన్ సమస్యగా చూశారు. పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, కార్డుల్ని ఒక నిచ్చెనలాంటి పటం మీద వరసగా పేర్చారు. పిల్లవాడు ఏ మెట్టు మీద ఉన్నాడో వాడికే తెలుస్తుంది. వారం రోజులు వేరుశనక్కాయ కోతకి పోయినా, తిరిగొచ్చి ఆపిన మెట్టు దగ్గరే ఎక్కొచ్చు. పాఠం పిల్లల తెలుగులో, పల్లె పాటల్తో ఉంటుంది. దీనికి ‘స్కూల్ ఇన్ ఎ బాక్స్’ అని పేరొచ్చింది. 1995లో కర్ణాటక హెగ్గడదేవనకోటెలో ‘నలి కలి’కి ఇదే ప్రేరణ. 2000ల్లో చెన్నై కార్పొరేషన్ బళ్ళు దీన్ని తీసుకున్నాయి, అక్కణ్ణుంచి తమిళనాడు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలన్నిటికీ పాకింది.

అంటే ఒక ఖరీదైన ప్రైవేటు బడి పక్కన పుట్టిన తెలుగు మీడియం పద్ధతి రెండు పక్క రాష్ట్రాల సర్కారు బళ్ళకి వెళ్ళింది. ప్రభుత్వం, ప్రైవేటు అని మనం గీసే గీత ఇక్కడ పనిచేయదు. కుప్పంలోనూ అంతే. అక్కడి అగస్త్య ఫౌండేషన్ 1999లో మొదలైన స్వచ్ఛంద సంస్థ. దాని సైన్సు వ్యాన్లు తిరిగేది ఎక్కువగా ప్రభుత్వ బళ్ళకే.

అయినా తల్లిదండ్రులు ఈ కార్డుల బడి కోసం ఎగబడలేదు. ఎందుకంటే చూడ్డానికి అది చదువులా ఉండదు. పిల్లలు నేల మీద కూర్చుని ఆడుకుంటున్నట్టుంటుంది. ఇంటికొచ్చి రైమ్ అప్పజెప్పరు.

చేత్తో వేసిన ఓటు

2008లో రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ‘సక్సెస్’ పేరుతో 6,500 ఉన్నత పాఠశాలల్లో ఇంగ్లీషు మీడియం పెట్టింది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 180 గ్రామాల్లో ఒక ప్రయోగం జరిగింది. సర్కారు బడి పిల్లల్లో లాటరీ తీసి, గెలిచినవాళ్ళకి ప్రైవేటు బడి ఫీజు కట్టారు. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ నాలుగేళ్ళ తర్వాత కొలిచి, 2015లో ఫలితాలు ప్రచురించారు. తెలుగులో, లెక్కల్లో గెలిచినవాళ్ళకీ ఓడినవాళ్ళకీ తేడా లేదు. హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు బాగా ముందున్నారు.

ప్రభుత్వ బడి అభిమానులు ఇక్కడితో ఆగిపోతారు. ఆగకూడదు. ఆ ప్రైవేటు బళ్ళు తెలుగుకీ లెక్కలకీ తక్కువ సమయమిచ్చి, ఇంగ్లీషు, హిందీ లాంటివాటికి ఎక్కువిచ్చాయి. ఒక్కో పిల్లవాడి మీద పెట్టిన ఖర్చు ప్రభుత్వ బడి ఖర్చులో మూడోవంతు కూడా లేదు. ప్రైవేటు అభిమానులు అక్కడ ఆగుతారు. వాళ్ళూ ఆగకూడదు. తెలుగు మీడియంలోంచి హఠాత్తుగా ఇంగ్లీషు మీడియంకి మారడంవల్ల పిల్లలు నష్టపోయి ఉండొచ్చన్న సూచన కూడా ఆ పరిశోధనలోనే ఉంది.

2019 నవంబరులో జగన్ ప్రభుత్వం సర్కారు బళ్ళన్నిటినీ ఇంగ్లీషు మీడియం చేస్తూ జీవో ఇచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. ప్రభుత్వం తల్లిదండ్రుల్నే అడుగుతామంది. 96 శాతం మంది ఇంగ్లీషు మీడియమే కావాలన్నారు. అడిగినవాళ్ళు ప్రభుత్వ వలంటీర్లే కదా అన్న విమర్శలో కొంత నిజముంది. అయినా అందులో సగం తీసేసినా మిగిలేది చిన్న అంకె కాదు. ద్రావిడ భాషల కోసం 1997లో విశ్వవిద్యాలయం వెలసిన కుప్పంలో, తెలుగు, తమిళం, కన్నడం, ఉర్దూ నాలుగూ వినబడే ఊళ్ళో, తల్లిదండ్రులు అడిగేది మాత్రం ఐదో భాషే. వాళ్ళని తప్పుపట్టలేం. అక్కడ రైలెక్కితే బెంగుళూరు దగ్గర. ఆ కంపెనీల్లో ఇంటర్వ్యూలు చేసే నాలాంటి వాళ్ళం ఏ భాషలో అడుగుతామో వాళ్ళకి బాగా తెలుసు.

డబ్బు విషయంలో కూడా గీత చెరిగిపోయింది. 2020 జనవరిలో చిత్తూరులో మొదలైన అమ్మఒడి, ప్రభుత్వ, ప్రైవేటు తేడా లేకుండా పేద తల్లుల ఖాతాల్లో ఏడాదికి 15,000 వేసింది. అంటే ప్రభుత్వమే కాన్వెంటు ఫీజులో సాయం చేసింది. మన్రో కాలంలో ప్రభుత్వం ఏమీ ఇవ్వలేదు. ఇప్పుడు రెండువైపులా ఇస్తోంది.

అసలు దెబ్బ ఇంకోచోట తగిలింది. 2022లో వచ్చిన జీవో 117తో చాలా ఊళ్ళ ప్రాథమిక పాఠశాలల్లోంచి మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని దగ్గర్లోని హైస్కూళ్ళకి తరలించారు. ఊళ్ళో ఒకటి, రెండు మిగిలాయి. ఎనిమిదేళ్ళ పిల్ల రోడ్డు దాటి నడిచివెళ్ళాలా, ఇంటిముందు ఆగే వ్యాను ఎక్కాలా అన్నప్పుడు ఎవరైనా వ్యానే అంటారు. 2025లో ఆ జీవోని వెనక్కి తీసుకున్నారు. వ్యానెక్కిన పిల్లలంతా జీవోతో పాటు వెనక్కి రారు. పిల్లలు తగ్గితే టీచరు పోస్టు తగ్గుతుంది, టీచరు తగ్గితే ఇంకొందరు వెళ్తారు. చివరికి మిగిలేది వెళ్ళలేనివాళ్ళ పిల్లలు. గట్టిగా అడగలేనివాళ్ళు కూడా వాళ్ళే. ఇక్కడ ఒక్కో ఇంటి నిర్ణయం సబబే, అన్నీ కలిస్తే పక్కింటి పిల్లకి ఆ నిర్ణయమే లేకుండా పోతుంది.

అందుకని ఏ బడి మంచిదనే ప్రశ్నకి చరిత్ర జవాబివ్వదు గానీ, ఏం అడగాలో మాత్రం చెబుతుంది. పిల్లవాడు చదివిన పేరాని పక్కన పెట్టి, ఏముందిరా అందులో అని ఇంటి భాషలో అడగాలి. క్యాంప్‌బెల్ 533 బళ్ళ గురించి అడిగింది అదే. టై కట్టుకున్న పిల్లయినా, సర్కారు బడి బ్యాగు వేసుకున్న పిల్లయినా ఆ ప్రశ్నకి ఒక్కటే. దానికి జవాబు రాకపోతే మేడమ్‌నీ అడగొచ్చు, సర్కారు అయ్యవారినీ అడగొచ్చు. నడిచివెళ్ళేంత దూరంలో బడి ఉన్నన్నాళ్ళే ఆ రెండో అడగడం కుదురుతుంది.