విమానంలో బట్టలు, ప్రవర్తన: ఏది రూల్, ఏది అపోహ?

గల్ఫ్ ఉద్యోగం, ఉమ్రా, హజ్, అమెరికాలో చదువుకునే పిల్లల దగ్గరికి వెళ్లడం... తెలుగు రాష్ట్రాల ముస్లిం కుటుంబాలకు విమానం ఎక్కే అవసరం ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంది. హజ్ యాత్రికులు బయలుదేరే కేంద్రాల్లో హైదరాబాద్‌తో పాటు 2023లో విజయవాడ కూడా చేరింది. మొదటిసారి ఎక్కేవాళ్లకు సందేహాలు సహజం. బుర్ఖా తీయమంటారా? ఇహ్రాంతో ఎక్కనిస్తారా? సీటు దగ్గర నమాజ్ చేయొచ్చా? ఎవరితోనైనా గొడవైతే పరిస్థితి ఏంటి? వీటిలో కొన్నింటికి చట్టంలో, కొన్నింటికి ఎయిర్‌లైన్స్ షరతుల్లో జవాబు ఉంది.

బట్టల రూల్ ఎవరిది?

ప్రయాణికులు ఫలానా బట్టలే వేసుకోవాలని భారత్‌లో ప్రభుత్వ నిబంధన ఏదీ లేదు. చీర, లుంగీ, పైజామా, బుర్ఖా... ఏదైనా సరే. కానీ టికెట్ కొనేటప్పుడు ‘షరతులకు అంగీకరిస్తున్నాను’ అని మనం టిక్ పెడతాం కదా, అసలు విషయం అక్కడే ఉంటుంది. బట్టల గురించి ఎయిర్‌లైన్స్ పెట్టుకునే షరతులు అందులోనే ఉంటాయి.

అమెరికాకు చెందిన స్పిరిట్ ఎయిర్‌లైన్స్ 2025 జనవరిలో తన షరతులను మరింత స్పష్టం చేసింది. చెప్పుల్లేకుండా వచ్చినవారిని, లోపలి శరీరం కనిపించే బట్టలు వేసుకున్నవారిని, అసభ్యమైన బొమ్మలు, రాతలు ఉన్న బట్టలతో వచ్చినవారిని ఎక్కనివ్వబోమని చెప్పింది. ఒంటి మీది పచ్చబొట్టు అసభ్యంగా ఉన్నా ఇదే వర్తిస్తుంది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ కూడా ఒట్టి కాళ్లతో, ఇతరులను నొప్పించే దుస్తులతో రావద్దని అంటోంది. సౌదియా షరతులు 2017లో వార్తల్లోకి వచ్చాయి. మహిళలు కాళ్లు, చేతులు కనిపించే బట్టలు, మరీ పల్చనివి, బిగుతైనవి వేసుకోకూడదని, మగవాళ్లు షార్ట్స్‌తో రాకూడదని అప్పట్లో అందులో ఉంది.

అదే 2017 మార్చిలో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ లెగ్గింగ్స్ వేసుకున్న ఇద్దరు అమ్మాయిలను ఆపేసిందని పెద్ద దుమారమే రేగింది. నిజానికి వాళ్లు ఉద్యోగుల కుటుంబాలకిచ్చే పాస్‌పై వచ్చారు. ఆ పాస్‌లకు రూల్స్ వేరు, కాస్త కఠినం. డబ్బు పెట్టి టికెట్ కొన్నవారికి అవి వర్తించవు. ఎయిర్‌లైన్స్‌లో పనిచేసే బంధువుల పాస్‌పై వెళ్లేవారు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

బుర్ఖా, హిజాబ్, టోపీ

వీటిపై అభ్యంతరం లేదు. అయితే గుర్తింపు కోసం ముఖం చూపించక తప్పదు. పాస్‌పోర్టులోని ఫొటోతో ముఖం సరిపోవాలి కాబట్టి చెక్-ఇన్, సెక్యూరిటీ, ఇమిగ్రేషన్ దగ్గర నఖాబ్ తీయమని అడగవచ్చు. మహిళా సిబ్బందికే చూపిస్తామని మర్యాదగా కోరవచ్చు. మన విమానాశ్రయాల్లో మహిళల ఒంటిని మహిళా సిబ్బందే, కర్టెన్ వేసిన బూత్‌లో తనిఖీ చేస్తారు.

అమెరికాలో మతపరమైన తలపాగా, హిజాబ్, టోపీ తీయకుండానే స్కానింగ్‌కు వెళ్లవచ్చు. అలారం మోగితే చేత్తో తడిమి చూస్తారు. ఆడవాళ్లను ఆడవాళ్లు, మగవాళ్లను మగవాళ్లే తనిఖీ చేస్తారు. పక్క గదిలో చేయమని, తోడుగా మనవాళ్లు ఒకరు ఉండాలని అడిగే హక్కు ఉంది.

ఇహ్రాం

ఇహ్రాంతో విమానం ఎక్కడం మామూలు విషయమే. జిద్దా వెళ్లే విమానం మీఖాత్ దాటేది ఆకాశంలోనే కాబట్టి చాలామంది ముందే, ఇంట్లోనో హజ్ హౌస్‌లోనో ఎయిర్‌పోర్టులోనో ఇహ్రాం కట్టుకుంటారు. విమానం టాయిలెట్‌లో మార్చుకోవడం కష్టం, పైగా చాలామంది ఒకేసారి క్యూ కడతారు. నడుముకు కట్టే బెల్ట్‌కు లోహపు బకిల్ ఉంటే సెక్యూరిటీ దగ్గర తీసి ట్రేలో పెట్టాలి. విమానంలో ఏసీ చలి ఎక్కువ, వృద్ధులకు అదనంగా ఒక దుప్పటి అడిగి తీసుకోవడం మంచిది.

నమాజ్

విమానంలో నమాజ్ చేయకూడదని రూల్ లేదు. సౌదియా పెద్ద విమానాలు కొన్నింటిలో అందుకోసం ప్రత్యేకంగా చోటు కూడా ఉంటుంది. మిగతా విమానాల్లో నడిచే దారి, అత్యవసర ద్వారం, సిబ్బంది పనిచేసే చోటు అడ్డం కాకూడదు. సీట్ బెల్ట్ లైటు వెలిగిందంటే ఎవరైనా కూర్చోవాల్సిందే. నిలబడే వీలు లేనప్పుడు సీట్లో కూర్చునే నమాజ్ చేసుకునేవారు చాలామంది. వజూ చేసేటప్పుడు టాయిలెట్ నేలంతా తడిస్తే తర్వాత వచ్చేవారు జారి పడతారు, ఇది కూడా చూసుకోవాలి.

హద్దు దాటితే మూడు మెట్ల శిక్ష

గొడవలు పెరుగుతున్నాయన్నది నిజమే. ప్రపంచవ్యాప్తంగా 2022లో ప్రతి 568 విమానాలకు ఒక ఘటన నమోదైతే, 2023లో 480కి ఒకటి నమోదైందని అంతర్జాతీయ విమాన సంస్థల సంఘం ఐఏటీఏ లెక్క.

మన దేశంలో 2017 మార్చిలో ఒక ఎంపీ ఎయిర్ ఇండియా ఉద్యోగిని చెప్పుతో కొట్టిన ఘటన తర్వాత డీజీసీఏ అదే ఏడాది సెప్టెంబర్‌లో ‘నో ఫ్లై లిస్ట్’ నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం:

మొదటి స్థాయి: నోటి దురుసు, సైగలతో వేధించడం, తాగి గొడవ చేయడం. 3 నెలల దాకా నిషేధం.

రెండో స్థాయి: తోయడం, కొట్టడం, అసభ్యంగా తాకడం, లైంగిక వేధింపు. 6 నెలల దాకా.

మూడో స్థాయి: ప్రాణాపాయం కలిగించే దాడి, విమాన పరికరాలను పాడుచేయడం, పైలట్ల గదిలోకి చొరబడే ప్రయత్నం. కనీసం 2 ఏళ్లు, ఆపైన పరిమితి లేదు.

రెండోసారి అదే తప్పు చేస్తే నిషేధం రెట్టింపు. పోలీసు కేసు దీనికి అదనం.

అయితే నిషేధం పెట్టేది ఒక్క పైలట్ మాట మీద కాదు. రిటైర్డ్ జిల్లా జడ్జి అధ్యక్షతన ఉండే కమిటీ 30 రోజుల్లో తేల్చాలి. తేల్చకపోతే ప్రయాణికుడు మళ్లీ ఎక్కవచ్చు. నిషేధం పడినవారు 60 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. కమెడియన్ కునాల్ కామ్రాపై 2020 జనవరిలో ఇండిగో 6 నెలల నిషేధం ప్రకటించింది, కమిటీ విచారణ తర్వాత అది 3 నెలలకు తగ్గింది.

సిబ్బందికీ బాధ్యత ఉంది. 2022 నవంబర్‌లో న్యూయార్క్-ఢిల్లీ విమానంలో ఓ వృద్ధురాలిపై తోటి ప్రయాణికుడు మూత్రం పోసిన కేసులో, విషయాన్ని సరిగా పట్టించుకోనందుకు ఎయిర్ ఇండియాకు 30 లక్షల రూపాయల జరిమానా పడింది.

పొగ తాగడం ఎక్కడా కుదరదు. టాయిలెట్‌లోనూ అలారం ఉంటుంది. బాంబు పేరుతో సరదాకి అన్న మాట కూడా అరెస్టు దాకా వెళ్తుంది. ఎమిరేట్స్ 2025 అక్టోబర్ 1 నుంచి విమానంలో పవర్ బ్యాంక్ వాడకాన్ని నిషేధించింది. ఒక్కటి మాత్రం వెంట ఉంచుకోవచ్చు.

రూపం చూసి దించేస్తే?

విమానంలో భద్రతపై ఆఖరి మాట పైలట్‌దే. 1963 టోక్యో ఒప్పందం ఆ అధికారం ఇచ్చింది, భారత్ దాన్ని 1975లో చట్టం చేసింది. కానీ ఆ అధికారం ప్రవర్తనకు సంబంధించింది, మతానికి, వేషానికి సంబంధించింది కాదు.

2016 జులైలో పారిస్ నుంచి అమెరికా వెళ్తున్న ముస్లిం దంపతులను చూస్తే భయంగా ఉందని ఓ ప్రయాణికురాలు చెప్పడంతో డెల్టా వారిని దించేసింది. అనుమానించదగ్గది ఏమీ లేదని సంస్థ సెక్యూరిటీ విభాగమే చెప్పినా కెప్టెన్ వినలేదు. ఇలాంటి మరో ఘటనను కూడా కలిపి అమెరికా రవాణా శాఖ 2020 జనవరిలో డెల్టాకు 50 వేల డాలర్ల జరిమానా వేసింది. 2022 మేలో కొందరు మాస్కు పెట్టుకోలేదని, 128 మంది యూదు ప్రయాణికులను లుఫ్తాన్సా ఒకే గుంపుగా చూసి ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఎక్కనివ్వలేదు. వారిలో చాలామంది మతపరమైన దుస్తుల్లో ఉన్నారు. 2024 అక్టోబర్‌లో ఆ సంస్థపై 40 లక్షల డాలర్ల పెనాల్టీ పడింది.

ఈ రెండు కేసుల్లోనూ ఫలితం వచ్చింది ఫిర్యాదుతో. విమానంలో గొంతు పెంచితే, అన్యాయం జరిగినవారే మొదటి స్థాయి కేసులో ఇరుక్కునే ప్రమాదం ఉంది. అందుకే:

దిగమంటే దిగాలి, కారణం రాసి ఇవ్వమని అడగాలి.

బోర్డింగ్ పాస్, టికెట్ దాచుకోవాలి. సమయం, సిబ్బంది పేర్లు, పక్క సీట్ల వాళ్ల ఫోన్ నంబర్లు రాసుకోవాలి.

ముందు ఎయిర్‌లైన్స్ నోడల్ అధికారికి, తర్వాత ప్రభుత్వ ‘ఎయిర్ సేవ’ పోర్టల్‌లో ఫిర్యాదు చేయాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబర్ 1915. నష్టపరిహారానికి వినియోగదారుల కమిషన్‌కూ వెళ్లవచ్చు.

అమెరికాకు వెళ్లే, అక్కడి నుంచి వచ్చే విమానాలైతే ఏ దేశ పౌరులైనా ఆ దేశ రవాణా శాఖకు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పంపవచ్చు.

పెద్దవాళ్లను ఒంటరిగా పంపే కుటుంబాలు ఈ నాలుగు విషయాలు తెలుగులోనో ఉర్దూలోనో ఒక కాగితం మీద రాసి, పాస్‌పోర్టుతో పాటు వాళ్ల చేతికి ఇస్తే మంచిది.