జీర్ణగ్రంథ నిమజ్జనము: కోనసీమ ఆచారమున లోపించిన అంగము

కోనసీమలోని ఐనవిల్లి సిద్ధివినాయకక్షేత్రమున పరీక్షలకు ముందు కలములను రాశిగా పోసి, స్వామిసన్నిధిని పూజించి, పిదప విద్యార్థులకు పంచిపెట్టుదురు. ఈ మూర్తిని వ్యాసుడు ప్రతిష్ఠించెనని స్థలపురాణము. వ్యాసుడు చెప్పుచుండగా భారతమును వినాయకుడు వ్రాసెనను కథ ఎల్లరెరిగినదే కావున, లేఖకుడైన దేవునికి కలములు సమర్పించుట సముచితముగనే యున్నది. వ్రాతకు ఆరంభమున ఇంత మర్యాద జరుపు ఈ సీమలో, వ్రాసిన గ్రంథము జీర్ణమైనపుడు దానికి జరిగిన మర్యాద యెట్టిది? ఈ విషయమునే ఇచట విచారింపదలచితిమి.

ఐనవిల్లికి చేరువనే ముక్తేశ్వరము; అచటి రేవున గౌతమిని దాటిన కోటిపల్లి. ఈ తీరగ్రామములలో వాడుక తీరిన పూజ్యవస్తువులకు గోదావరియే గతి. నిర్మాల్యము, చవితినాటి మట్టివినాయకుడు, వన్నె తరిగిన దేవతాపటము, పురుగు తినిన తాటాకుల కట్ట అన్నియు అచటికే చేరెడివి. పుస్తకమునకు కాలు తగిలినచో కన్నుల కద్దుకొను జనులు దానిని పెంటకుప్పపై వేయజాలరు. పొయ్యిలో పెట్టుటకును చేయాడదు. కావున నదిలో విడుచుట వారి దృష్టిలో పారవేయుట కాదు, సాగనంపుట. మట్టిమూర్తి విషయమున ఈ భావము మరింత స్పష్టము. ఉద్వాసన చెప్పి, అక్షతలు చల్లి, మూర్తిని కొంచెము కదల్చినంతనే దేవుడు వెడలినట్లు. నీట కలియునది మట్టి మాత్రమే.

పాత మూర్తులను గూర్చి అగ్నిపురాణమున జీర్ణోద్ధారవిధి కలదు. దారుమూర్తిని అగ్నికర్పింపవలెను, శిలామూర్తిని నీట విడువవలెను, లోహమూర్తిని, రత్నమూర్తిని అగాధజలమునగాని సముద్రమునగాని విడువవలెను. వస్త్రము కప్పి, వాద్యములతో తీసికొనిపోవలెను. ఇంతవరకు పలువురెరుగుదురు. కాని ఆ విధి అంతటితో ముగియదు. అదే ప్రమాణముతో, అదే ద్రవ్యముతో నూతనమూర్తిని ఆనాడే నిలుపవలెనని అందే చెప్పబడినది. విడుచుట, నిలుపుట రెండును కలిసి ఒక్క కర్మ. మొదటిది చేసి రెండవది మానినచో అది జీర్ణోద్ధారము కానేరదు.

తాళపత్రగ్రంథముల విషయమునను పూర్వము ఇట్లే జరిగినదని మా అభిప్రాయము. కోనసీమ నీటిపట్టు, వర్షకాలమున అటకమీది వస్తువునకైనను తేమ తప్పదు. చెదలు, పురుగు, బూజు ఒకదానివెంట నొకటి వచ్చును. ఇట్టిచోట ఆకుల ఆయువునకు పరిమితి కలదని వ్రాయువారెరుగుదురు. కావుననే గంటముతో క్రొత్త ఆకులపై ప్రతి వ్రాయించుట విద్వత్కుటుంబములలో తరతరముల పనియై యుండెను. మూలప్రతిని మాతృక యనియు, దానినుండి దిగినదానిని పుత్రిక యనియు మన పరిష్కర్తలు వ్యవహరింతురు. పుత్రిక యింట నిలిచిన పిదప మాతృకను నదికి సాగనంపుటలో నష్టము లేదు. గ్రంథము బ్రతికియే యున్నది. ఇంకొక సాక్ష్యము లేఖకులదే. ప్రతి ముగించునపుడు వారు తరచుగా చేర్చు శ్లోకమొకటి కలదు. అందు పుస్తకమే నోరు తెరచి, నూనెనుండి, నీటినుండి, వదులైన కట్టునుండి తన్ను కాపాడుమనియు, మూర్ఖుని చేతికీయవలదనియు వేడుకొనును. నీటినుండి కాపాడుమని ప్రార్థించిన గ్రంథమునే నీట విడుచుట, ప్రతి దిగిన పిదపగాని పొసగదు.

ఈ క్రమము అచ్చుయంత్రము వచ్చిన పిదప చెడినది. వావిళ్ల రామస్వామిశాస్త్రులుగారు 1854లో మదరాసున ముద్రణాలయము స్థాపించిరి. నానాటికి అచ్చుపుస్తకములు ఇంటింట చేరుటతో వ్రాయసకాండ్ర పని తగ్గెను. భారతభాగవతములు అచ్చున దొరకుచుండగా తాటాకులతో పనియేమి యని తోచుట సహజమే. కాని అచ్చుకాని గ్రంథములును ఆ కట్టలలోనే యుండెను. ప్రతి వ్రాయుట ఆగినది. నదికిచ్చు ఆచారము మాత్రము ఆగలేదు. భక్తితోనే గ్రంథనాశము జరిగినది. ఏమేమి పోయినదో లెక్కించుట ఎవరి తరము? పోక మిగిలినదానినిబట్టి ఊహింపవలసినదే. తంజావూరి ప్రతులనుండి మానవల్లి రామకృష్ణకవిగారు వెలికితీసి 1909లో ప్రకటించిన నన్నెచోడుని కుమారసంభవము అట్టిది. ఆ ఆకులును ఏ కావేరిలోనో కలిసియున్నచో, ఆ కవిని గూర్చి మన సాహిత్యచరిత్రలలో ఇంత వాదమునకు తావే లేదు.

ఈ ప్రవాహమునకు అడ్డుకట్ట వేసినవారిలో నొకరు ఐనవిల్లి పొరుగువారే యగుట గమనింపదగినది. జయంతి రామయ్యపంతులుగారు (1860-1941) ముక్తేశ్వరమున జన్మించిరి. డిప్యూటీ కలెక్టరుగా పనిచేసిన ఆయన 1911లో మదరాసున ఆంధ్రసాహిత్యపరిషత్తును స్థాపించిరి. తాళపత్రగ్రంథములను సేకరించుట దాని ముఖ్యకార్యములలో నొకటి. తరువాత పరిషత్తు కాకినాడకు తరలెను. సూర్యరాయాంధ్రనిఘంటువు దాని మహాకార్యము. వ్యావహారికభాషావివాదమున పంతులుగారి పక్షమును అంగీకరింపనివారును ఈ సేకరణ విషయమున ఆయనకు ఋణపడియే యున్నారు. రేవుకు పోవలసిన కట్టలు కొన్ని కాకినాడ బీరువాలకు చేరినవి.

ఇతరమతములవారికిని ఈ చిక్కు కలదు. యూదులు దైవనామమున్న పత్రములను నాశనము చేయరు. ఒక గదిలో దాచి, పిదప పూడ్చుదురు. కైరోలోని బెన్ ఎజ్రా ప్రార్థనామందిరమున అట్లు శతాబ్దములుగా పోగైన పత్రములను 1896-97లో సోలొమన్ షెక్టర్ కేంబ్రిడ్జికి చేర్పగా మధ్యధరాప్రాంతచరిత్రకు క్రొత్తవెలుగు కలిగెను. యెమెన్ దేశమున సనా పెద్దమసీదు పైకప్పులో 1972లో ప్రాచీన ఖురాను పత్రములు బయటపడెను. వారి ఆచారము దాచుట, మనది కలుపుట. శుష్కదేశమున దాచినది నిలుచును. మన తేమలో దాచినదియు నిలువదు. కనుక వారిని చూచి మనవారిని నిందించుట న్యాయము కాదు. మన రక్షణ గదిలో లేదు, ప్రతిలో నున్నది.

నేడు తాటాకులు అరుదు. రేవుకు వచ్చునవి ప్లాస్టిక్ పొరలున్న పటములు, దేవతాచిత్రములున్న శుభలేఖలు, క్యాలెండర్లు, ప్లాస్టర్ విగ్రహములు. ఇవి నీట కరగవు. కేంద్ర కాలుష్యనియంత్రణమండలి 2010లో నిమజ్జనమునకు నియమములు చేసి, 2020లో సవరించినది. కరగని వస్తువునకు నిమజ్జనమను పేరే చెల్లదు. శుద్ధమైన కాగితమును నానబెట్టి చెట్టుమొదట పూడ్చుట ఆచారమునకును విరుద్ధము కాదు.

గోదావరి పుష్కరములు 2015 తరువాత మరల 2027లో రానున్నవి. ఆ సందర్భమున అటకలు దులుపుదురు. లంకగ్రామములలో ఇంకను మిగిలిన కట్ట యేదేని దిగివచ్చినచో, దానిని రేవుకు కొనిపోవుటకు ముందు ఛాయాచిత్రము తీయుటకు ఒక పూట చాలును. కట్ట విప్పువారు మొదట తుదియాకును చూడవలెను. గ్రంథనామము, వ్రాసినవాని పేరు, సంవత్సరము తరచుగా అచటనే యుండును. కట్టకు వెలుపలనుండుటచే మొదట చెడునదియు అదే.