స్టాండు లేని రాత్రులు

మా స్టూడియోలో ట్రైపాడ్ అనే మాట వినిపించేది కాదు, స్టాండు అనేవాళ్లం. 1980ల్లో నేను విశాఖ మద్దిలపాలెంలో పని నేర్చుకునేనాటికి అక్కడున్నది ఒక్కటే, అదీ పెద్ద కెమెరాకి. సైకిలు మీద పట్టేది కాదు. అందుకే బయట రాత్రి ఫొటో అంటే ఒళ్లే స్టాండు.

"ఊపిరి బిగబట్టకురా గుంటడా, గుండె దడ చేతిలోకి వచ్చేస్తాది. సగం ఒగ్గేసి నొక్కు," అనేవారు గురువుగారు. మోచేతులు డొక్కలకు అదిమి, వీపు స్తంభానికి ఆనించి, మెత్తగా నొక్కాలి. జంక్షన్లో లారీ వెళ్తే స్తంభమూ వణికేది. అది దాటేదాకా ఆగేవాళ్లం.

ఇంకో ఉపాయం పురికొస. కెమెరా అడుగున స్టాండు బిగించే మర ఉంటుంది. దానికి పావు అంగుళం బోల్టు తిప్పి, బోల్టుకు పురికొస కట్టి, రెండో కొస చెప్పు కింద తొక్కిపెట్టి కెమెరాని పైకి లాగి పట్టేవాళ్లం. తాడు బిగిస్తే కెమెరా మీదికీ కిందికీ ఊగదు. పక్కలకి ఊగడం మాత్రం మన చేతుల్లోనే ఉంది.

కెమెరాని చేత్తో పట్టుకుని తీసే అలవాటుకి దారి వేసింది 1925లో మార్కెట్లోకి వచ్చిన లైకా. ఆ చిన్న కెమెరాలతోపాటే ఒక లెక్కా పుట్టింది: 50 ఎంఎం లెన్సుకి సెకనులో 50వ వంతు కన్నా నెమ్మదిస్తే చెయ్యి కదలిక బొమ్మలో కనబడుతుంది. 400 స్పీడు ఫిల్ముతో, లెన్సు 1.8కి తెరిచినా మా వీధి దీపాల కింద 30వ వంతు దగ్గరే ఆగిపోయేవాళ్లం. అందుకే ఫిల్ముని 1600 అనుకుని తీసి, డెవలపర్లో ఎక్కువసేపు ఉంచేవాళ్లం. అప్పుడు 125వ వంతు చిక్కేది. బదులుగా నీడలు మాడిపోయేవి, గ్రెయిన్ ఇసుకలా లేచేది.

మాకు అసలు పరీక్ష డిసెంబరు 4, నేవీ డే. 1971లో కరాచీ రేవు మీద జరిగిన దాడికి గుర్తు అది. సాయంత్రం ఆర్కే బీచ్ ఎదుట ఓడలు దీపాల తోరణాలు కట్టుకుని నిలబడేవి. జనం తోపులాటలో స్టాండు ఎక్కడ పెడతాం? బీచ్ గోడ మీద కిలో బియ్యం సంచీ పెట్టి, అందులో కెమెరాని గూడులా కుదురుస్తే 8వ వంతులోనూ ఓడ గీత చెదిరేది కాదు. కెరటం మాత్రం పాలమీగడలా సాగిపోయేది.

నా పాత కలర్ ప్రింట్లు పేర్చి చూస్తే ఊరి వెలుగు ఎలా మారిందో తెలుస్తుంది. సోడియం దీపాల రోజుల్లో రోడ్డూ, ముఖాలూ పసుపు పూసినట్టు ఉండేవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కరెంటు తీసుకుపోయింది. ఆ తరవాత వీధుల్లో ఎల్‌ఈడీలు వచ్చాయి, రాత్రి తెల్లబడింది.

ఇప్పుడు మనవడి ఫోనులో నైట్ మోడ్ ఉంది. వరసగా చాలా బొమ్మలు తీసి, చేతి వణుకు సరిచేసి, ఒకటిగా పేరుస్తుంది. మొన్న బీచ్‌లో తీసి చూపించాడు. ఓడ దీపాలు సూదిమొనల్లా ఉన్నాయి, ముందు పరుగెత్తే పిల్ల మాత్రం పొగలా అయింది.

"నువ్వు కదల్లేదు కదా, ఆ పిల్ల కదిలింది," అన్నాను. "దీపం కిందికి వచ్చేదాకా ఆగు, మోడ్ తీసేసి నొక్కు."

మోచేతులు గోడ మీద ఆన్చి, పిల్ల కోసం కాచుకున్నాడు.